ఫార్మాట్ కొట్టే ముందు: రిపేరుకూ డేటా రికవరీకీ పనికొచ్చే బూటబుల్ పెన్‌డ్రైవ్

వానాకాలం వడ్లు దిగే రోజుల్లో మిర్యాలగూడ మిల్లుల దారిలో ఒక ధర్మకాంట కంప్యూటరు గంటసేపు ఆగిందంటే ట్రాక్టర్లు రోడ్డు మీదికి బారులు తీరతాయి. పెళ్లిళ్ల సీజన్‌లో నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గరి డీటీపీ సెంటర్‌లో సిస్టం లేవకపోతే రేపు పంచాల్సిన శుభలేఖ అందులోనే ఉండిపోతుంది. ఆ తొందరలో అందరి నోటా వచ్చే మాట ఒకటే: "ఫార్మాట్ కొట్టేయండి." కొడితే గంటలో సిస్టం లేస్తుంది, నిజమే. మూడేళ్ల తూకం చీటీలు, ట్యాలీ ఖాతాలు, పెళ్లి ఫొటోలు పోయేది కూడా ఆ గంటలోనే.

విండోస్ లేవనంత మాత్రాన డేటా పోయినట్టు కాదు. బూట్ ఫైలు చెడినా, మదర్‌బోర్డు మీది సీమాస్ బ్యాటరీ (తేదీని, సెట్టింగులను కాపాడే నాణెం సైజు బ్యాటరీ) అయిపోయినా, ర్యామ్ పిన్నులకు దుమ్ము పట్టినా సిస్టం ఆగిపోతుంది. ఫైళ్లు మాత్రం డిస్క్‌లో ఎక్కడివక్కడే ఉంటాయి. వాటిని అందుకోవాలంటే డిస్క్‌లోని విండోస్‌ను కదిలించకుండా కంప్యూటరును పెన్‌డ్రైవ్ నుంచి లేపాలి. ఇక్కడ తయారుచేసే పెన్‌డ్రైవ్‌తో ముందు లోపం ఎక్కడుందో చూడొచ్చు, తర్వాత డేటా తీయొచ్చు, ఆ తర్వాత బాగుచేయొచ్చు. పని కూడా ఆ వరసలోనే సాగాలి.

ఈ వ్యాసంలో ఆదేశాలను తెలుగు అక్షరాల్లో రాశాం. కీబోర్డు మీద మాత్రం వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

ఏ పెన్‌డ్రైవ్ కొనాలి

64 జీబీ, యూఎస్‌బీ 3 పెన్‌డ్రైవ్ సరిపోతుంది. 32 జీబీతోనూ పని నడుస్తుంది గానీ రెండు విండోస్‌లు, మూడు నాలుగు టూల్స్ పెట్టేసరికి ఇరుకైపోతుంది. మరీ పెద్దది కూడా వద్దు. చాలా పాత బయోస్‌లు (కంప్యూటరు ఆన్ కాగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాంలు) యూఎస్‌బీ డిస్క్‌లో మొదటి 137 జీబీ దాటిన చోటును చదవలేవు. మిల్లుల్లో, పాత ఆఫీసుల్లో ఇంకా నడుస్తున్న కోర్ 2 డ్యుయో సిస్టంల దగ్గర ఈ తేడా తెలిసొస్తుంది.

ప్యాకెట్ మీద అచ్చువేసేది చదివే వేగం మాత్రమే. చవక డ్రైవ్‌లు రాసేటప్పుడు సెకనుకు 8 ఎంబీకి పడిపోతుంటాయి. ఆ లెక్కన 20 జీబీ ఎక్కించడానికి నలభై నిమిషాలు దాటుతుంది. అప్‌గ్రేడ్ చేసినప్పుడు తీసి పక్కన పెట్టిన 120 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ ఉంటే యూఎస్‌బీ కేసులో వేసి వాడండి. రోజూ రిపేర్లు చేసేవాళ్లకు పెన్‌డ్రైవ్ కంటే అదే మేలు, వేగానికీ మన్నికకూ.

జాతరల్లో, ఆన్‌లైన్ ఆఫర్లలో నాలుగైదు వందలకే "2 టీబీ" అని అమ్మే పెన్‌డ్రైవ్‌లను ముట్టుకోవద్దు. లోపల ఉండేది 8 లేదా 16 జీబీ చిప్పు. దాని కంట్రోలరు పెద్ద అంకె చూపిస్తుంది. నిజమైన చోటు నిండాక మీరు కాపీ చేసిన ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి, లోపల సరుకుండదు. కస్టమర్ డేటా అలాంటి దాంట్లోకి తీస్తే రెండుసార్లు పోగొట్టినట్టే. కొత్తది ఏది కొన్నా ముందు విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లైనక్స్‌లో (విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టం) ఎఫ్3 నడపండి. డ్రైవ్ మొత్తం నింపి తిరిగి చదివి సరిచూస్తాయి. నెమ్మది డ్రైవ్ అయితే రెండు మూడు గంటలు పడుతుంది, రాత్రి పెట్టి వదిలేయండి.

దీంతోపాటు ఇంకో రెండు కావాలి: విండోస్ ఒక్కటే ఉండే 8 లేదా 16 జీబీ పెన్‌డ్రైవ్, డేటా తీసి పెట్టుకోవడానికి ఖాళీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్. ఖాళీ డిస్క్ చేతిలో లేకుండా రికవరీకి కూర్చోవద్దు. చోటు చాలక అదే డిస్క్‌లోని వేరే పార్టిషన్‌లోకి (డీ, ఈ లాంటి భాగంలోకి) తీయడం దగ్గరే చాలా డేటా పాడవుతుంది.

అందులో ఏమేం ఉండాలి

లైనక్స్ మింట్, సుమారు 3 జీబీ. ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. విండోస్ డిస్క్ తెరిచి ఫోల్డర్లు కాపీ చేయడానికి ఇంతకంటే సులువైనది లేదు. మౌస్‌తో లాగి వేస్తే చాలు.

సిస్టంరెస్క్యూ, ఒక జీబీకి కొంచెం పైన. డిస్క్ చనిపోతున్నప్పుడు పనికొచ్చే డీడీరెస్క్యూ, టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్, స్మార్ట్‌సీటీఎల్, జీపార్టెడ్ అన్నీ ఇందులోనే ఉన్నాయి. ఈ పెన్‌డ్రైవ్‌లో ఒకే ఒక్కటి పెట్టమంటే ఇదే పెట్టాలి.

క్లోన్‌జిల్లా లేదా రెస్క్యూజిల్లా. డిస్క్ మొత్తాన్ని ఇమేజ్‌గా, అంటే ఉన్నదున్నట్టు నకలుగా తీయడానికి. మౌస్‌తో నడిచేది కావాలంటే రెస్క్యూజిల్లా.

మెమ్‌టెస్ట్86 ప్లస్, ర్యామ్ పరీక్షకు. కొన్ని ఎంబీలే.

హైరెన్స్ బూట్‌సీడీ పీఈ, సుమారు 3 జీబీ. విండోస్ లాంటి తెర ఉంటుంది కాబట్టి లైనక్స్ అలవాటు లేనివాళ్లకు చేయి తిరుగుతుంది. 4 జీబీ ర్యామ్ లేని సిస్టంలో దీన్ని నమ్ముకోవద్దు.

వీటికి తోడు విండోస్ 11, విండోస్ 10 ఐఎస్‌ఓలు (ఇన్‌స్టాలేషన్ డిస్క్ మొత్తం ఒకే ఫైలుగా ఉండేవి). విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అయినా ఆ విండోస్ నడుస్తున్న సిస్టంల బూట్ ఫైళ్లు బాగుచేయడానికి దాని ఐఎస్‌ఓ ఉండాలి.

"ఆల్ ఇన్ వన్ యాక్టివేటెడ్" అని టెలిగ్రాంలో తిరిగే ఐఎస్‌ఓలు వద్దు. అందులో ఎవరు ఏం కలిపారో తెలియదు. దాన్ని బ్యాంకు పనులు, ఆధార్ పనులు జరిగే మీ సేవ కంప్యూటరులో ఎక్కించడం మనల్ని నమ్మి ఇచ్చినవాళ్లకు ద్రోహం.

డౌన్‌లోడ్ దగ్గర చిక్కులు

విండోస్ ఐఎస్‌ఓ ఒక్కటే 5 నుంచి 7 జీబీ ఉంటుంది. మైక్రోసాఫ్ట్ పేజీ ఇచ్చే డౌన్‌లోడ్ లింకు 24 గంటలే పనిచేస్తుంది. రోజుకు ఒకటిన్నర జీబీ మొబైల్ డేటాతో నాలుగు రోజుల్లో దించుదామంటే రెండో రోజుకే లింకు చచ్చిపోతుంది. కాబట్టి విండోస్‌ను ఫైబర్ లైను ఉన్నచోట ఒకే దమ్ములో దించండి. మింట్ లాంటి లైనక్స్‌లను టోరెంట్‌లో పెడితే వారం రోజులు ఆగి ఆగి దిగినా పాడవవు, ముక్క ముక్కకూ సరిచూసుకుంటుంది.

దిగాక హ్యాష్ సరిచూడాలి. అది ఫైలుకు వేలిముద్ర లాంటి అక్షరాల వరస. కరెంటు పోయి వచ్చినప్పుడు, నెట్ తెగినప్పుడు ఫైలు పూర్తయినట్టే కనిపించినా లోపల చిరుగు ఉండొచ్చు. ఆ చిరుగు ఇన్‌స్టాలేషన్ 60 శాతం దగ్గర బయటపడుతుంది, అప్పటికి పాత విండోస్ పోయి ఉంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో (ఆదేశాలు టైపు చేసే విండోస్ నల్ల కిటికీలో) "సర్ట్‌యుటిల్ -హ్యాష్‌ఫైల్ ఫైలుపేరు ఎస్‌హెచ్‌ఏ256" అని కొట్టండి. వచ్చిన 64 అక్షరాల వరసను డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చిన వరసతో పోల్చండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైలు తీసేసి మళ్లీ దించాలి.

వెంటాయ్‌తో తయారీ

ఒక్కో ఐఎస్‌ఓకు ఒక్కో పెన్‌డ్రైవ్ పెట్టాల్సిన పని వెంటాయ్ అనే ప్రోగ్రాం వచ్చాక తప్పింది. దాన్ని ఒక్కసారి ఎక్కిస్తే చాలు, ఆపైన ఐఎస్‌ఓ ఫైళ్లను మామూలు ఫైళ్లలాగే కాపీ చేసుకోవచ్చు. బూట్ చేసినప్పుడు వాటి పేర్లన్నీ మెనూగా వస్తాయి.

1. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి కాబట్టి ముందు వేరేచోట దాచుకోండి. సిస్టంకు తగిలించిన మిగతా యూఎస్‌బీ డిస్క్‌లన్నీ పీకేయండి. పొరపాటున ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ మీద నొక్కడం ఈ పనిలో అన్నిటికన్నా ఖరీదైన తప్పు.

2. వెంటాయ్ అధికారిక సైటు నుంచి విండోస్ జిప్ దించి, విప్పి, "వెంటాయ్2డిస్క్" తెరవండి. జిప్ లోపలి నుంచే నడిపితే సరిగా పనిచేయదు.

3. పైన డివైస్ దగ్గర పెన్‌డ్రైవ్ పేరు, సైజు రెండూ చూసుకోండి. 64 జీబీది 57 నుంచి 59 జీబీగా కనిపిస్తుంది, అది లోపం కాదు.

4. ఆప్షన్ మెనూలో సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని ప్రోగ్రాంలతో సిస్టం లేవకుండా ఆపే కాపలా) సపోర్ట్‌కు టిక్ ఉండాలి. పార్టిషన్ స్టైల్ ఎంబీఆర్‌గానే (డిస్క్ భాగాల వివరం రాసుకునే పాత పద్ధతి) ఉంచండి. అప్పుడు పాత లెగసీ బయోస్ సిస్టంలోనూ, కొత్త యూఈఎఫ్‌ఐ (బయోస్‌కు కొత్త రూపం) ల్యాప్‌టాప్‌లోనూ లేస్తుంది.

5. ఇన్‌స్టాల్ నొక్కితే రెండుసార్లు అడుగుతుంది. రెండోసారి కూడా డ్రైవ్ పేరు చదివాకే ఎస్ అనండి.

6. పని పూర్తయ్యాక పెన్‌డ్రైవ్‌లో రెండు భాగాలుంటాయి. పెద్దది ఎక్స్‌ఫ్యాట్, ఐఎస్‌ఓలు అందులోకి. 32 ఎంబీ ఉన్న చిన్నది వెంటాయ్ సొంతానికి. ఆ చిన్నదాన్ని ఎప్పుడూ ముట్టుకోవద్దు, "ఫార్మాట్ చేయమంటారా" అని విండోస్ అడిగినా సరే.

7. ఐఎస్‌ఓలు కాపీ చేయండి. ఫైలు పేర్లలో ఖాళీలు, తెలుగు అక్షరాలు లేకుండా చూసుకోండి, కొన్ని లైనక్స్‌లు వాటి దగ్గర తడబడతాయి. కాపీ పెట్టె మూసుకోగానే పీకేయొద్దు. రాయాల్సింది ఇంకా మెమరీలో మిగిలి ఉంటుంది, డ్రైవ్ లైటు మిణుకుతూనే ఉంటుంది. ఎజెక్ట్ కొట్టి, తీయొచ్చని చెప్పాకే తీయండి.

"డ్రైవర్స్" అని ఒక ఫోల్డరు కూడా పెట్టుకోండి. 11వ తరం ఇంటెల్, ఆ తర్వాతి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో విండోస్ సెటప్ దాకా వెళ్లాక డిస్క్ అసలు కనిపించదు. డిస్క్ పోయిందని కొత్త ఎస్‌ఎస్‌డీ కొనిపించినా అది కూడా కనిపించదు. కారణం వీఎండీ అనే ఇంటెల్ పద్ధతి, దాని డ్రైవరు సెటప్‌లో లేకపోవడం. ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవరు దించి, విప్పి ఆ ఫోల్డరులో ఉంచండి. సెటప్‌లో "లోడ్ డ్రైవర్" నొక్కి ఆ ఫోల్డరు చూపిస్తే డిస్క్ ప్రత్యక్షమవుతుంది. బయోస్‌లో వీఎండీ ఆపేసినా కనిపిస్తుంది గానీ, అప్పటికే ఉన్న విండోస్ నీలి తెరతో ఆగిపోతుంది. డేటా తీయకముందు ఆ సెట్టింగు మార్చొద్దు.

రెండో పెన్‌డ్రైవ్, రూఫస్‌తో

కొన్ని మదర్‌బోర్డులకు వెంటాయ్ పడదు, మెనూ వచ్చినా ఐఎస్‌ఓ ఎంచుకోగానే నల్ల తెర మిగులుతుంది. వెంటాయ్ ప్యాకేజీలోని కొన్ని భాగాలు ముందే కంపైల్ చేసిన ఫైళ్లుగా రావడం మీద అభ్యంతరం ఉన్నవాళ్లూ ఉన్నారు. ఏ కారణమైనా, విండోస్ ఒక్కటే ఉండే డ్రైవ్ ఒకటి రూఫస్ అనే ప్రోగ్రాంతో చేసిపెట్టుకోవాలి.

రూఫస్‌లో కొత్త సిస్టంలకు జీపీటీ (ఎంబీఆర్‌కు బదులు వచ్చిన కొత్త పద్ధతి), యూఈఎఫ్‌ఐ ఎంచుకోండి. పాతవాటికి ఎంబీఆర్, బయోస్. ఈ జత తప్పితే పెన్‌డ్రైవ్ బూట్ మెనూలోనే కనిపించదు, లేదా "ఈ డిస్క్‌లో విండోస్ ఎక్కించలేం" అని సెటప్ మొండికేస్తుంది. ఫ్యాట్32 అనే పాత డిస్క్ ఫార్మాట్‌లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు, విండోస్ ఇన్‌స్టాల్ ఫైలు ఆ హద్దు దాటుతుంది. అందుకే రూఫస్ ఆ హద్దు లేని ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌ను ఎంచుకుని, బూట్ కోసం చిన్న భాగం ఒకటి అదనంగా పెడుతుంది. ఐఎస్‌ఓను విప్పి పెన్‌డ్రైవ్‌లోకి చేత్తో కాపీ చేసేవాళ్ల డ్రైవ్ ఆగిపోయేది ఈ 4 జీబీ దగ్గరే.

టీపీఎం 2.0 (విండోస్ 11 అడిగే భద్రతా చిప్పు) లేని పాత సిస్టంలో విండోస్ 11 ఎక్కేలా చేసే టిక్ కూడా రూఫస్ ఇస్తుంది. ఎక్కుతుంది, కానీ మైక్రోసాఫ్ట్ దానికి మద్దతివ్వదు, తర్వాతి అప్‌డేట్లు వస్తాయన్న హామీ ఉండదు. ఆ సంగతి యజమానికి చెప్పి ఎక్కించాలి.

సిస్టంను పెన్‌డ్రైవ్ నుంచి లేపడం

పవర్ బటన్ నొక్కిన క్షణం నుంచి బూట్ కీని వరసగా తడుతూ ఉండాలి. డెల్, లెనోవో, ఏసర్ ల్యాప్‌టాప్‌లలో ఎఫ్12. హెచ్‌పీలో ఎఫ్9, లేదా ఎస్కేప్ నొక్కి ఎఫ్9. ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్, ఆసుస్ మదర్‌బోర్డులలో ఎఫ్8. గిగాబైట్‌లో ఎఫ్12, ఎంఎస్‌ఐలో ఎఫ్11. ఏసర్‌లో ఎఫ్12 పలక్కపోతే ఎఫ్2తో బయోస్‌లోకి వెళ్లి "ఎఫ్12 బూట్ మెనూ"ను ఎనేబుల్ చేయాలి. డెస్క్‌టాప్ అయితే పెన్‌డ్రైవ్‌ను వెనక పోర్టులో పెట్టండి, ముందు పోర్టులు వదులై మధ్యలో తెగుతాయి.

సెక్యూర్ బూట్ ఉన్న ల్యాప్‌టాప్‌లో వెంటాయ్ మొదటిసారి లేచినప్పుడు నీలి తెర మీద "వెరిఫికేషన్ ఫెయిల్డ్, సెక్యూరిటీ వయొలేషన్" అని వస్తుంది. ఇది వైరస్ కాదు, పెన్‌డ్రైవ్ పాడవలేదు. ఓకే నొక్కండి. "ఎనీ కీ నొక్కండి" అని పది సెకన్ల లెక్క మొదలవుతుంది, అది అయ్యేలోపు ఏదో ఒక కీ నొక్కాలి. తర్వాత వచ్చే జాబితాలో "ఎన్‌రోల్ కీ ఫ్రమ్ డిస్క్", అందులో "వీటీఓవైఈఎఫ్‌ఐ" పేరున్న భాగం, అందులో "ఎన్‌రోల్ దిస్ కీ" అని మొదలయ్యే ఫైలు, ఆపైన కంటిన్యూ, ఎస్, రీబూట్. ఆ సిస్టంకు ఇది ఒక్కసారే చేయాల్సిన పని. కొన్ని కొత్త థింక్‌ప్యాడ్‌లలో దీనికీ దారి ఉండదు. బయోస్‌లో "అలౌ మైక్రోసాఫ్ట్ థర్డ్ పార్టీ యూఈఎఫ్‌ఐ సీఏ" అనే వరసను ఆన్ చేశాకే లైనక్స్ లేస్తుంది.

బయోస్‌లో సెక్యూర్ బూట్ మీద చేయి వేయకముందు బిట్‌లాకర్ (డిస్క్ మొత్తానికి విండోస్ వేసే తాళం) సంగతి తేల్చుకోండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. యజమానికి ఆ సంగతే తెలియదు. సెక్యూర్ బూట్ మార్చగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది యజమాని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో డివైసెస్ కింద ఉంటుంది. ఫోనులో తెరిపించి, రాయించుకుని, ఆ తర్వాతే పని మొదలుపెట్టండి. ఆ కీ దొరక్కపోతే ఏ టూల్‌తోనూ ఆ డేటా రాదు. దొరికితే విండోస్ సెటప్ కమాండ్ ప్రాంప్ట్‌లో "మేనేజ్-బీడీఈ -అన్‌లాక్ సీ: -రికవరీపాస్‌వర్డ్" అని కొట్టి పక్కన ఆ 48 అంకెలు వేస్తే డిస్క్ తెరుచుకుంటుంది.

సిస్టం ముందు కూర్చున్నాక

టూల్ తెరవకముందే బయోస్‌లో తేదీ చూడండి. ఏళ్ల నాటి తేదీ చూపిస్తే సీఆర్2032 అనే ఆ సీమాస్ బ్యాటరీ అయిపోయింది. కరెంటు పోయినప్పుడల్లా బయోస్ సెట్టింగులు మొదటికి వస్తాయి, సాటా మోడ్ ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకో రెయిడ్‌కో మారుతుంది, విండోస్ "ఇన్‌యాక్సెసబుల్ బూట్ డివైస్" అంటూ ఆగుతుంది. కరెంటు కోతలు ఎక్కువున్న ఊళ్లలో ఇది తరచూ జరిగేదే. బ్యాటరీ మార్చి, సాటా మోడ్ పాతదానికి తిప్పితే చాలు. అంత చిన్న బ్యాటరీ కోసం ఎన్నో సిస్టంలు అనవసరంగా ఫార్మాట్ అయిపోతున్నాయి.

ఆ తర్వాత ర్యామ్. మిల్లుల్లో ఊక దుమ్ము క్యాబినెట్ నిండా పడుతుంది. పవర్ వైరు పీకి, ర్యామ్ తీసి, బంగారు రంగు పిన్నులను మెత్తని రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టండి. మెమ్‌టెస్ట్‌ను కనీసం ఒక పాస్ నడవనివ్వండి. ఒక్క ఎర్ర వరస వచ్చినా ఆ ర్యామ్‌తో డేటా కాపీ చేయొద్దు, కాపీ అయిన ఫైళ్లు కూడా పాడై వస్తాయి.

ఇప్పుడు డిస్క్ ఆరోగ్యం. సిస్టంరెస్క్యూలో లేచాక నల్ల తెర వస్తుంది, "స్టార్ట్‌ఎక్స్" అని కొడితే డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది. టెర్మినల్‌లో "ఎల్‌ఎస్‌బీఎల్‌కే" కొట్టి ఏ డిస్క్ ఏదో సైజును బట్టి గుర్తుపట్టండి. తర్వాత "స్మార్ట్‌సీటీఎల్ -ఏ /డెవ్/ఎస్‌డీఏ". ఎస్‌డీఏ అన్నచోట మీరు గుర్తుపట్టిన డిస్క్ పేరు వేయండి. హార్డ్‌డిస్క్ అయితే వచ్చే పట్టికలో మూడు వరసలు చూడాలి: 5, 197, 198. చివరి గడిలో సున్నా ఉంటే మంచిదే. 197 దగ్గర సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా డిస్క్ కొన్ని చోట్ల చదవలేకపోతోందని అర్థం. 199 ఒక్కటే పెరిగి ఉంటే డిస్క్ బాగానే ఉండి సాటా కేబులు పాడై ఉండొచ్చు, కేబులు మార్చి చూడండి.

ఈ స్మార్ట్ పట్టిక (డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే లెక్క) బాగుంటే మింట్‌తో లేచి, ఫోల్డర్లు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేయండి. డిస్క్ తెరుచుకుని రాయడం కుదరకపోతే భయం లేదు. విండోస్ ఫాస్ట్ స్టార్టప్‌లో సగం నిద్రలో ఉన్నట్టు, మనకు కావాల్సింది చదవడమే.

ఏం కాపీ చేయాలన్న దగ్గర చాలామంది తప్పుతారు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ తీసి అయిపోయిందనుకుంటారు. ట్యాలీప్రైమ్ డేటా "యూజర్స్" లోని "పబ్లిక్" ఫోల్డరులో ఉండొచ్చు, లేదా "ప్రోగ్రామ్ ఫైల్స్" లో ఉండొచ్చు, అన్నీ వెతకాలి. డీటీపీ సెంటర్ సిస్టం అయితే "విండోస్" లోని "ఫాంట్స్" ఫోల్డరు మొత్తం తీయండి. అనూ ఫాంట్లు పోతే పాత పేజ్‌మేకర్ ఫైళ్లు తెరిచినా శుభలేఖలు అర్థంకాని గుర్తులుగా కనిపిస్తాయి. తూకం సాఫ్ట్‌వేర్ డేటాబేస్ ఎక్కువగా సీ డ్రైవ్‌లో నేరుగా సొంత పేరున్న ఫోల్డరులోనే ఉంటుంది. కాంటా సిస్టం ఇంకా లేస్తూ ఉంటే కామ్ పోర్టు సంఖ్య (కాంటా తగిలించిన పోర్టు), బాడ్ రేటు (దాని నుంచి బరువు అంకెలు వచ్చే వేగం) ఉన్న తెరను ఫోనుతో ఫొటో తీసుకోండి. ఆ రెండూ తెలియకపోతే కొత్తగా ఎక్కించాక కాంటా బరువు చూపించదు.

డిస్క్ చనిపోతున్నప్పుడు

టక్ టక్ మని చప్పుడు వస్తుంటే వెంటనే పవర్ తీసేయండి. అది సాఫ్ట్‌వేర్‌తో అయ్యేది కాదు. తిప్పిన కొద్దీ లోపలి పళ్లెం గీతలు పడుతుంది. ఆ డేటా విలువైనదైతే క్లీన్‌రూమ్ ఉన్న రికవరీ ల్యాబ్‌కు పంపాలి.

చప్పుడు లేదు గానీ 197 అంకె పెరిగింది, కాపీ ఒకచోట ఇరుక్కుపోతోంది అంటే డీడీరెస్క్యూ వాడాలి. ఇలాంటి డిస్క్ మీద విండోస్‌లోని చెక్‌డిస్క్ టూల్ నడపడం పెద్ద పొరపాటు. అది ఫైల్ సిస్టంను సరిచేసే పనిలో డిస్క్ మీద రాస్తుంది, చదవలేని ఫోల్డర్లను కత్తిరిస్తుంది. నీరసించిన డిస్క్‌తో బరువు మోయించినట్టే.

పాత డిస్క్ కంటే పెద్దదైన ఖాళీ డిస్క్‌ను తగిలించండి. అది ఫ్యాట్32 కాకూడదు. దాన్ని "/ఎంఎన్‌టీ" ఫోల్డరు దగ్గర మౌంట్ చేసి (ఆ ఫోల్డరులో తెరుచుకునేలా కలిపి) ఇలా కొట్టండి:

డీడీరెస్క్యూ -ఎన్ /డెవ్/ఎస్‌డీఏ /ఎంఎన్‌టీ/పాత.ఐఎంజీ /ఎంఎన్‌టీ/పాత.మ్యాప్

మొదట రాసేది చెడిన డిస్క్, రెండోది ఇమేజ్ పడే చోటు, మూడోది ఎంతవరకు చదివిందో రాసుకునే మ్యాప్ ఫైలు. మొదటి రెండూ తారుమారు కాకూడదు. ఎంటర్ కొట్టే ముందు వేలు పెట్టి చదవండి. -ఎన్ అంటే ముందు తేలిగ్గా వచ్చేదంతా లాక్కుని, మొండి చోట్లను తర్వాతకు వదలమని. తెర మీద "రెస్క్యూడ్" పక్కన శాతం పెరుగుతుంటుంది, "బ్యాడ్ ఏరియాస్" పక్కన పాడైన చోట్ల లెక్క కనిపిస్తుంది. అది పూర్తయ్యాక అదే వరసలో -ఎన్ తీసి "-డీ -ఆర్3" పెట్టి మళ్లీ నడపండి, మిగిలిన చోట్లను మూడేసిసార్లు ప్రయత్నిస్తుంది.

మ్యాప్ ఫైలు తప్పకుండా ఆ ఖాళీ డిస్క్‌లోనే ఉండాలి. పెన్‌డ్రైవ్ నుంచి లేచిన సిస్టంలో హోమ్ ఫోల్డరు ర్యామ్‌లో ఉంటుంది, కరెంటు పోతే దాంతోపాటే పోతుంది. మ్యాప్ డిస్క్‌లో ఉంటే కరెంటు వచ్చాక అదే ఆదేశం కొట్టగానే ఆగినచోటి నుంచి సాగుతుంది. అయినా ఈ పని ఇన్వర్టర్ లేదా యూపీఎస్ మీదే పెట్టండి. పాలమూరు ఎండాకాలంలో డిస్క్ కింద ఖాళీ వదిలి, ఫ్యాను తిప్పండి. ఇమేజ్ చేతికొచ్చాక పాత డిస్క్‌ను పక్కన పెట్టేసి, టెస్ట్‌డిస్క్‌తో ఆ ఇమేజ్ లోపలి నుంచి ఫైళ్లు తీయొచ్చు.

పొరపాటున డిలీట్ అయిన ఫొటోలు ఫొటోరెక్‌తో కెమెరా మెమరీ కార్డుల నుంచి బాగా వస్తాయి, పేర్లు మాత్రం రావు. ఎస్‌ఎస్‌డీ నుంచి అలా ఆశపెట్టొద్దు. డిలీట్ కాగానే ట్రిమ్ అనే ఏర్పాటు ఆ చోటును ఖాళీ చేసేస్తుంది.

డేటా భద్రం అయ్యాక బూట్ బాగుచేయడం

విండోస్ పెన్‌డ్రైవ్‌తో లేచి, "రిపేర్" దారిలో స్టార్టప్ రిపేర్ ఒకసారి నడపండి. ఫలించకపోతే కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. సెటప్ తెర మీద షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కినా వస్తుంది. "డిస్క్‌పార్ట్", "లిస్ట్ వాల్" కొట్టండి. ఇక్కడ అక్షరాలు మారిపోయి ఉండొచ్చు, మామూలుగా సీ అయిన విండోస్ ఇక్కడ డీ కావచ్చు. ఫ్యాట్32గా, 100 నుంచి 260 ఎంబీ మధ్య ఉండేదే బూట్ భాగం. ఉదాహరణకు అది వాల్యూమ్ 3 అయితే "సెలెక్ట్ వాల్ 3", "అసైన్ లెటర్=ఎస్", "ఎగ్జిట్". తర్వాత:

బీసీడీబూట్ సీ:\విండోస్ /ఎస్ ఎస్: /ఎఫ్ యూఈఎఫ్‌ఐ

సీ అన్నచోట మీకు కనిపించిన అక్షరం వేయండి. "బూట్ ఫైల్స్ సక్సెస్‌ఫుల్లీ క్రియేటెడ్" అని వస్తే పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్. యూట్యూబులో చెప్పే "బూట్‌రెక్ /ఫిక్స్‌బూట్" యూఈఎఫ్‌ఐ సిస్టంలలో తరచూ "యాక్సెస్ డినైడ్" అంటుంది, దానితో గంటలు పోగొట్టుకోవద్దు.

ఇంత చేసినా లేవకపోతే అప్పుడు ఫార్మాట్. ఆ సమయానికి డేటా డిస్క్‌లు, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లు అన్నీ పీకి ఉండాలి. కొత్తగా ఎక్కించి, డ్రైవర్లు, తూకం సాఫ్ట్‌వేరు, ఫాంట్లు అన్నీ సర్దాక రెస్క్యూజిల్లాతో ఆ డిస్క్ ఇమేజ్ ఒకటి తీసి యజమానికి ఇవ్వండి. వచ్చే సీజన్‌లో అదే సిస్టం ఆగితే మళ్లీ అన్నీ ఎక్కించే బదులు ఆ ఇమేజ్ తిప్పి పోస్తే సరిపోతుంది. తిరిగి పోసే డిస్క్ పాతదాని కంటే చిన్నది కాకుండా చూసుకోవాలి.

పెన్‌డ్రైవ్ సంరక్షణ

ఈ పెన్‌డ్రైవ్‌ను నడుస్తున్న కస్టమర్ విండోస్‌లో గుచ్చొద్దు, ఆపి ఉన్న సిస్టంకు తగిలించి బూట్ చేయడానికే వాడండి. నెట్ సెంటర్ సిస్టంలలో తిరిగే షార్ట్‌కట్ వైరస్ అసలు ఫోల్డర్లను దాచేసి వాటి పేర్లతో షార్ట్‌కట్‌లు పెడుతుంది. అంటుకుంటే ఆ షార్ట్‌కట్‌ల మీద నొక్కకుండా, శుభ్రమైన సిస్టంలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పెన్‌డ్రైవ్ అక్షరంలోకి వెళ్లి "అట్రిబ్ -హెచ్ -ఆర్ -ఎస్ /ఎస్ /డీ *.*" కొడితే దాగినవి బయటికొస్తాయి. ఐఎస్‌ఓల హ్యాష్ మళ్లీ సరిచూసి, తేడా ఉంటే మార్చండి.

వెంటాయ్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ఇన్‌స్టాల్ నొక్కొద్దు, అప్‌డేట్ నొక్కాలి. ఐఎస్‌ఓలు అలాగే ఉంటాయి. ఆరు నెలలకోసారి సిస్టంరెస్క్యూ, మింట్ కొత్తవి పెట్టండి, కొత్త ల్యాప్‌టాప్‌ల వైఫై, డిస్క్‌లను పాత కర్నెల్ (లైనక్స్‌లో పరికరాలను నడిపే మూల భాగం) గుర్తించకపోవచ్చు. తయారైన రోజే మీ సొంత సిస్టంలో ప్రతి ఐఎస్‌ఓను ఒక్కోసారి డెస్క్‌టాప్ దాకా లేపి చూడండి. వీలైతే ఒక పాత లెగసీ సిస్టంలో, ఒక కొత్త ల్యాప్‌టాప్‌లో కూడా. సంచిలో పెన్‌డ్రైవ్‌లతోపాటు రెండు సీఆర్2032 బ్యాటరీలు, ఒక సాటా కేబులు, రబ్బరు, స్టార్ స్క్రూడ్రైవరు వేసుకోండి. పని ముగిసి, యజమాని తన ఫైళ్లు తెరిచి చూసుకుని సరే అన్నాక, మీ ఖాళీ డిస్క్‌లోకి తీసిన ఆయన డేటాను ఆయన ముందే చెరిపేయండి.